బియ్యం డబ్బాలో రొట్టె

మా ఆఫీసు కెఫెటేరియాలో మధ్యాహ్నం పూట నా ఎదురుగా కూర్చునే పిల్ల ఒకతి ఉంది. వరంగల్ నుంచి వచ్చి రెండేళ్ళయింది. నన్ను ఆంటీ అంటుంది. తను తెచ్చుకున్న డబ్బాలో సగం నా పళ్ళెంలో వంచేదాకా ఊరుకోదు. మొన్న అలాగే చెంచా ఎత్తి, నా పళ్ళెం చూసి ఆగిపోయింది.

"ఏంది ఆంటీ, ఉత్త ఆలుగడ్డలు తింటున్నరు? పులిహోర తెచ్చిన, కొంచెం వేస్కోండి."

"వద్దమ్మా. ఈ ఎనిమిది రోజులు బియ్యం ముట్టను."

"డైటింగా?"

"కాదు, పండగ."

"అన్నం తినకుండ పండగేంది ఆంటీ? మీరు క్రిస్టియన్ కదా? మొన్న నుదుటి మీద బూడిద పెట్టుకొని మీటింగ్‌కి వచ్చిన్రు."

"క్రిస్టియన్నే. కానీ మా నాన్న యూదుడు. వాళ్ళ పస్కా పండగ ఇది. ఇదీ మాదే, ఈ ఆదివారం వచ్చే ఈస్టరూ మాదే."

ఆ పిల్ల చెంచా డబ్బాలో పెట్టేసింది. "రెండు ఎట్ల కుదుర్తయ్ ఆంటీ?"

ఎట్లా కుదురుతాయని అడిగితే నేనేం చెప్పను? ఆ పిల్ల లంచ్ బ్రేక్ అరగంట. నా జవాబుకి ఒక గరాజ్ కావాలి, ఒక బియ్యం డబ్బా కావాలి, ఇద్దరు ముసలివాళ్ళు కావాలి. తర్వాత చెప్తాలే అని కిటికీలోంచి బయటికి చూశాను. ఎలక్ట్రిక్ కార్లు వరసగా చార్జింగ్ పెట్టుకుని నిలబడ్డ ఆ చోట, నా చిన్నప్పుడు ఆప్రికాట్ తోట ఉండేది.

మా ఊరు సన్నీవేల్ అంటే అప్పుడు ఇది కాదు. మా ఇంటి వెనక కంచె దాటితే తోటే. చలి తగ్గుతూనే చెట్లన్నీ తెల్లగా పూసేవి. ఎండాకాలం పళ్ళు కోసి చెక్క పళ్ళేల మీద ఆరబెడితే వీధంతా తియ్యటి వాసన, దానిలో కలిసి, పళ్ళ రంగు చెడకుండా పట్టే గంధకం పొగ వాసన. ఈస్టరు రోజుల్లో మాత్రం చెట్లకి ఉసిరికాయలంత పచ్చి కాయలు ఉండేవి. అవి దొంగతనంగా కోసుకొచ్చి ఉప్పూ కారం అద్దుకుని తినడం నా పని. నన్ను తిట్టడం అమ్మమ్మ పని. తిట్టి, పళ్ళు పులిసిపోతాయే అని గదిమి, కాసేపాగి, "సరే గానీ, ఇంకో గుప్పెడు కోసుకురా" అనేది. పచ్చిమామిడి దొరకని దేశంలో గుంటూరు జిల్లా మనిషి ఏం చేస్తుంది మరి! ఆ కాయలతో పచ్చడి నూరేది. ఏదన్నా పుల్లగా ఉంటే చాలని నేను వంటింటి చుట్టూ తిరిగేదాన్ని.

నేను పుట్టినప్పుడు అమ్మ పురిటికి సాయం వచ్చిన అమ్మమ్మ ఇక్కడే ఉండిపోయింది. అమ్మ ఆస్పత్రిలో నర్సు, డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. అందుకని నేను పెరిగింది అమ్మమ్మ ఒళ్ళో, ఆవిడ తెలుగులో. బైబిలు ముందు పెట్టుకుని నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద నడిపించేది. ఇంగ్లీషులో నాకు అబద్ధాలాడటం బాగానే వచ్చేది గానీ తెలుగులో ఒక్కటి కూడా నిలబడేది కాదు, ఆవిడ నా మొహం చూసి ఇట్టే పట్టేసేది.

నాన్నది న్యూయార్క్. కాలు విరిగి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు ఆ వార్డులో అమ్మ డ్యూటీలో ఉందట. అంతకు మించి అడిగితే ఇద్దరూ నవ్వేసేవాళ్ళు.

మా ఇంట్లో పండగలకి పోట్లాట ఉండేది కాదు, చోటే చాలేది కాదు. హాల్లో ఉన్నది ఒకటే పెద్ద కిటికీ. డిసెంబరు వస్తే అమ్మమ్మ రంగు కాగితాలతో చేసిన నక్షత్రం ఆ కిటికీలోనే వేలాడాలి, నాన్న వాళ్ళ దీపాల పండగ హనుకా కొవ్వొత్తులూ అక్కడే వెలగాలి. ఒక ఏడు కొవ్వొత్తి సెగ తగిలి నక్షత్రం తోక కాస్తా మాడిపోయింది. "మీ పండగ మా పండగని కాల్చిందయ్యా అల్లుడూ!" అంది అమ్మమ్మ. నాన్నకి అర్థమైనంత తెలుగులో అర్థమై, రెండు చేతులూ జోడించాడు. ఆ ఏటి నుంచి నక్షత్రం పైన, కొవ్వొత్తులు ఓ పక్కన. నాన్న బంగాళాదుంపలు తురిమి అట్లు వేస్తూ ఏదో వెతికే వంకతో అటు తిరిగేవాడు. ఆ సందులో అమ్మమ్మ పిండిలో పచ్చిమిరపకాయలు కలిపేసేది. నాన్నకి తెలుసు. అటు తిరిగేదే అందుకు.

కానీ ఆ ఇంటికి ఒక్క మనిషి మాత్రం రాడు. ఆయన నాన్నకి నాన్న. వాళ్ళలో తాతని జేడీ అంటారు. నేను ఆయన్ని ఫోటోలోనే చూశాను. యూదురాలు కాని పిల్లని చేసుకున్నావు కాబట్టి నీ గడప తొక్కనన్నారట, పదేళ్ళు తొక్కలేదు. నెలకోసారి నాన్నే ఫోన్ చేసేవాడు. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు. న్యూయార్క్‌లో ఎన్ని అంగుళాల మంచు పడిందో మా ఇంట్లో అందరికీ ఎప్పుడూ తెలిసే ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చలికాలంలో జేడీ భార్య పోయింది. నాన్న ఒక్కడే వెళ్ళొచ్చాడు. వసంతం రాగానే ఒకరోజు ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"వస్తాడట. పస్కాకి."

పస్కా విందు వాళ్ళకి మొదటి రెండు రాత్రులూ ఉంటుంది. నాన్న రెండింటికీ రమ్మన్నాడు. ఆయన మాటిచ్చింది ఒక్కదానికే. పండగ పూట కారెక్కరు కాబట్టి మా ఇంటికి నడిచి వచ్చేంత దూరంలో మోటెల్‌లో దిగుతారట. సోమవారం విమానం.

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మ అంటుంటే విన్నాను. "ఒక్క పూట కూర్చుని, మొక్కుబడి తీరిందనుకుని వెళ్ళిపోతారు. ఈసారి అలా వెళ్ళారంటే ఇంక జన్మలో రారు." నాన్న కాదనలేదు. కాదంటాడేమోనని తలుపు పక్కన చాలాసేపు నిలబడ్డాను. సింకులో నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, కట్టెయ్యడం కూడా మర్చిపోయాడు.

అమ్మమ్మ సంబరం వేరు. పస్కా, పులియని రొట్టెలు, చేదుకూరలు, ఇవన్నీ ఆవిడ చిన్నప్పటి నుంచి నిర్గమకాండంలో చదివినవే. "బైబిల్లో పండగ మనింటికి వస్తందే!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. అంతలో నాన్న జాబితా తెచ్చాడు. రొట్టె, పిండి, పులిసేవి ఏవీ ఉండకూడదు. అది ఆవిడకి తెలుసు. కానీ బియ్యం? పప్పులు? ఆవాలు?

"బియ్యం తినొద్దని నిర్గమకాండంలో ఎక్కడుందయ్యా?" అంది. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం తిరగేసింది కూడా.

గ్రంథంలో లేదు, మా వైపు వాళ్ళ ఆచారం, తరతరాలుగా వస్తోందని నాన్న చెప్పాడు.

అమ్మమ్మ పుస్తకం మూసింది. "అంటే వాళ్ళ అమ్మమ్మల మాట అన్నమాట. అయితే వినాల్సిందే."

వినడమంటే అలా ఇలా కాదు. బియ్యం డబ్బా మా ఇంట్లో నా ఎత్తు ఉండే రేకు డబ్బా. దాన్ని వంటింట్లోంచి గరాజ్‌లోకి దొర్లించి, మూత చుట్టూ టేపు అతికించింది. పప్పులు, ఆవాలు, ఆవకాయ జాడీ దాని పక్కన చేరాయి. ఏది ఉండొచ్చో ఏది ఉండకూడదో తెలీక పసుపూ ధనియాలూ కూడా పంపేసింది. నాన్న కొత్త గిన్నెలు కొన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళి వాళ్ళ పద్ధతి ప్రకారం కోసిన కోడిని తెచ్చాడు. ఇల్లంతా సబ్బు వాసన. వంటింట్లో మిగిలింది బంగాళాదుంపలు, గుడ్లు, ఉప్పు, మిరపకాయలు.

నా వంతు పని ఒకటుంది. విందులో అందరికన్నా చిన్నవాళ్ళు నాలుగు ప్రశ్నలు హీబ్రూలో అడగాలి. నాకా భాష రాదు. నాన్న పలికి చూపిస్తుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. చేతికందిన కాగితం మీద రాసుకున్నాను. అదే నేను చేసిన మొదటి తెలివితక్కువ పని.

ఇంకో మాట కూడా నాన్న చెప్పాడు. విందు మొదట్లో పెద్దాయన పులియని రొట్టె ఒకటి విరిచి, పెద్ద ముక్కని తెల్లగుడ్డలో చుట్టి తన దిండు కింద పెట్టుకుంటారు. భోజనాలయ్యాక అందరూ చివరగా తినాల్సింది ఆ ముక్కే. పిల్లలు దాన్ని కొట్టెయ్యాలి, పెద్దాయన బతిమాలి, ఏదో బహుమతి ఇస్తానని విడిపించుకోవాలి. పెద్దవాళ్ళే దొంగతనం చెయ్యమని చెప్పే పండగ నాకు తెలిసి ఇదొక్కటే. "అది దొరికి, తినేదాకా విందు ముగియదు. ఎవరూ లేచి వెళ్ళకూడదు" అన్నాడు నాన్న. మిగతా ఆచారాలన్నీ ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను గానీ ఆ ఒక్క మాట పట్టుకున్నాను.

ఆ ఏడు మొదటి విందు సరిగ్గా గుడ్ ఫ్రైడే నాడు పడింది. అమ్మా అమ్మమ్మా తెల్లచీరలు కట్టుకుని చర్చికి వెళ్ళి, మూడు గంటలు ఆరాధనలో కూర్చుని, పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఇంటికొచ్చారు. వచ్చేసరికి జేడీ మా వంటింట్లో ఉన్నారు. పొట్టిగా, నల్లటోపీతో, చొక్కా చేతులు పైకి మడిచి, కొత్త గిన్నెలో కోడి పులుసు లాంటిదేదో ఆయనే వండుతున్నారు. పొద్దుగూకితే పొయ్యి వెలిగించకూడదట, ఆ తొందర. నాతో "నువ్వేనా?" అన్నారు. నేనే అన్నాను. అంతే, మా మొదటి సంభాషణ అయిపోయింది.

"నమస్కారం అన్నయ్యగారూ" అంది అమ్మమ్మ. ఆయన గరిటె పట్టుకునే తల వంచారు.

బల్ల దగ్గర మా అవస్థ చూడాలి. ఆయన వండిన కోడి అమ్మమ్మ తినదు, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ ఆవిడ మాంసం ముట్టదు. అమ్మమ్మ మామూలుగా పెట్టేవన్నీ ఆయన తినరు. ఇద్దరికీ చెల్లేవి ఉడికించిన గుడ్లు, తాలింపు లేని బంగాళాదుంప కూర, పచ్చి ఆప్రికాట్ల పచ్చడి. మర్యాదకి మర్యాద ఉంది, మాట మాత్రం లేదు. నాన్న ఒక్కడే అందరి బదులూ మాట్లాడుతున్నాడు.

నా ప్రశ్నల వంతు వచ్చింది. లేచి, కాగితం విప్పి గడగడా మొదలుపెట్టాను. రెండో ప్రశ్నలో ఉండగా జేడీ చెయ్యి చాచారు. "ఏదీ, ఇలా ఇవ్వు. ఇదేం లిపి?"

"తెలుగు" అన్నాను గర్వంగా.

ఆయన ఆ గుండ్రటి అక్షరాలని వింతగా చూసి, వెనక్కి తిప్పారు. వెనక మా చర్చి మట్టల ఆదివారం పత్రిక. నడిబొడ్డున ఇంత పెద్ద సిలువ బొమ్మ.

నాన్న మొహం పాలిపోయింది. అమ్మ కళ్ళు దించుకుంది. నాకు ఏమైందో అర్థం కాలేదు గానీ ఏదో అయిందని మాత్రం తెలిసింది. జేడీ ఆ బొమ్మని కాసేపు చూశారు. కాగితాన్ని మళ్ళీ తెలుగు వైపుకి తిప్పి, మడత సాపు చేసి నా ముందు పెట్టారు.

"ఇంకా రెండు ఉన్నాయి. చదువు."

చదివాను. కానీ ఆ తర్వాత ఆయన గోడ గడియారం వైపు రెండుసార్లు చూడటం నా కంటపడింది. వెళ్ళిపోతారు. ఇది అవగానే వెళ్ళిపోతారు. నా కాగితం వల్లే. ఏడుపొచ్చేసింది, మింగేశాను. ఆయన చేతులు కడుక్కోవడానికి లేవగానే దిండు కింద చెయ్యి పెట్టి రొట్టె మూట లాగి, గౌనులో దాచుకుని, వంటింట్లో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మమ్మా, దీన్ని ఎవ్వరికీ దొరక్కుండా దాచెయ్."

"ఎందుకే?"

"ఇది దొరికేదాకా ఆయన వెళ్ళకూడదంట."

అమ్మమ్మ నా మొహం చూసింది, మూట చూసింది. ఆ రోజు గుడ్ ఫ్రైడే. విరిచిన రొట్టె, తెల్లగుడ్డ. రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. "పో, పోయి కూర్చో" అంది. కాసేపటికి చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ ఎరగనట్టు నా పక్కన కూర్చుంది.

చేదుకూర వంతు వచ్చింది. ముల్లంగిలా ఉండే ఒక తెల్ల వేరుని తురుముతారు. ముక్కులోకి ఎక్కి కళ్ళనీళ్ళు తెప్పించే ఘాటు. ఐగుప్తులో వాళ్ళ పూర్వీకులు దాస్యంలో పడ్డ కష్టం గుర్తుకు రావడానికట. జేడీ తిని కళ్ళు తుడుచుకున్నారు. నాన్న దగ్గాడు. అమ్మమ్మ నమిలి మింగి, "ఆవ పెట్టినట్టుందే! ఇంకొంచెం వెయ్యమను" అంది. అమ్మ అనువదించింది. జేడీ మొదటిసారి అమ్మమ్మని సరిగ్గా చూశారు. ఇంకో చెంచా వేశారు. అదీ తినేసింది. అప్పుడు ఆయన, మరేం అనుకున్నారో, అమ్మమ్మ పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కుని ఒక ముద్ద రొట్టె మీద పెట్టుకుని నోట్లో వేసుకున్నారు. చెవులదాకా ఎర్రబడ్డారు. నీళ్ళు తాగి, మళ్ళీ తాగి, "చేదుకూరంటే ఇదీ" అన్నారు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

భోజనాలయ్యాయి. జేడీ దిండు కింద తడుముకున్నారు. నావైపు తిరిగారు.

"ఊఁ. ఏం కావాలి నీకు? బొమ్మా? సైకిలా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"స్కేట్స్?"

వద్దన్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. నాన్న సోఫా కింద, పుస్తకాల వెనక వెతకడం మొదలుపెట్టాడు. అమ్మ నా బడి సంచీ బోర్లించింది. అరగంటయింది. నాన్న గొంతు మారింది. "ఇంక ఆట చాలు. ఎక్కడ పెట్టావు?" నాకు నిజంగానే తెలీదు. అమ్మ నా జబ్బ పట్టుకుంది. "ఏమే, నోరు విప్పవే! పెద్దాయన్ని ఇలా కూర్చోబెడతావా?"

ఇంకో నిమిషం అయితే భోరుమనేదాన్ని. అమ్మమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

"పిల్లదాన్నేం అనబోకండి. దాచింది నేను. రండి."

అందరం ఆవిడ వెనకే గరాజ్‌లోకి వెళ్ళాం. అమ్మమ్మ డబ్బా మూత చుట్టూ తనే అతికించిన టేపు ఊడదీసి, మోచేతి దాకా బియ్యంలోకి చెయ్యి దించి, తెల్లటి మూట పైకి తీసింది. బియ్యం గింజలు జలజలా రాలాయి.

నాన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఎనిమిది రోజులు ఇంట్లో కనపడకూడదని పంపేసిన బియ్యం! అందులో పస్కా రొట్టె! అమ్మ "అమ్మా, ఏం పని చేశావే!" అంది. అప్పుడు తట్టింది అమ్మమ్మకి. "అయ్యో నా తండ్రీ" అని మూట పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆవిడ అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. చేయించింది నేను. అది నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఇప్పటికీ దానికి సిగ్గుపడతాను.

జేడీ దగ్గరికి వచ్చారు. "ఇన్ని చోట్లు ఉండగా ఇందులోనే ఎందుకు పెట్టారని అడుగు" అన్నారు అమ్మతో.

అమ్మ అడిగింది. అమ్మమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "మా ఇంట్లో పోగూడనిది ఏదైనా బియ్యంలోనే దాస్తాం అన్నయ్యగారూ. మా అమ్మ పుస్తెలతాడు అందులోనే ఉండేది. మా ఆయన రాసిన ఉత్తరాలు నేను అందులోనే దాచుకున్నా. ఇంతకన్నా భద్రమైన చోటు నాకు తెలీదు. వండితే తప్పుగానీ దాస్తే తప్పనుకోలేదు."

అమ్మ ఒక్కో మాటా అనువదించింది.

జేడీ మూట అందుకుని గుడ్డ విప్పారు. రొట్టె ముక్క చెక్కుచెదరలేదు. దాన్ని బయటికి తీసి పట్టుకుని, గింజలున్న గుడ్డని అమ్మమ్మ చేతిలో పెట్టారు.

"తడి తగలలేదు. పొడి బియ్యం. ఏ తప్పూ లేదు" అన్నారు. "అన్నం తినకపోవడం మా అమ్మ నేర్పిన ఆచారం. ఈవిడ మా అమ్మ మాటకి నాకన్నా ఎక్కువ విలువిచ్చింది. టేపు కూడా వేసింది."

లోపలికి వచ్చి ఆ రొట్టె అయిదు ముక్కలు చేసి పంచారు. మొదటి ముక్క అమ్మమ్మకిచ్చారు. ఆ రోజంతటికీ ఆయన ఆవిడతో నేరుగా అన్నది ఒక్కటే, "ఈట్". ఆవిడకి ఆపాటి ఇంగ్లీషు వచ్చు. తిన్నది.

తలుపు దగ్గర నాన్న "రేపు..." అని ఆగిపోయాడు. జేడీ టోపీ సర్దుకుని నడిచి వెళ్ళిపోయారు. ఔననలేదు, కాదనలేదు. మర్నాడంతా నాన్న కిటికీ దగ్గరే తచ్చాడాడు. వస్తారో రారో తెలీక అమ్మ పళ్ళేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. చీకటి పడుతుండగా తలుపు చప్పుడైంది. జేడీయే. కూర్చుని, ప్రార్థన చేసి, రొట్టె విరిచి గుడ్డలో చుట్టారు. దిండు కింద పెట్టుకోలేదు. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ మూట అమ్మమ్మ చేతిలో పెట్టారు.

"భద్రమైన చోట పెట్టమను" అన్నారు.

నాన్న లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. ఎందుకో అప్పుడు తెలీదు, ఇప్పుడు తెలుసు.

ఆదివారం తెల్లవారుజామున మేం ఈస్టర్ ఆరాధనకి వెళ్ళొచ్చేసరికి ఆయన మా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఈస్టరుకి మా ఇంట్లో బిర్యానీ లేకుండా ఎప్పుడూ జరగలేదు. ఆ ఏడు అమ్మమ్మ టేపు విప్పనివ్వలేదు, ససేమిరా అంది. "సోమవారం దాకా ఆయన మన ఇంటి మనిషి" అంది. శ్రమదినాలు అయిపోయాయి కాబట్టి ఆయన అట్టేపెట్టిన కోడి పులుసు మాత్రం తాగింది. ఎలా ఉందని ఆయన చేత్తో అడిగారు. ఆవిడ చేత్తోనే ఫరవాలేదని చెప్పి, నాతో "ఉప్పూ లేదు, కారమూ లేదు, పాపం ఒక్కడే వండుకుంటున్నట్టున్నాడు" అంది. అది నేను అనువదించలేదు.

ఆ తర్వాత జేడీ ఏటేటా వచ్చారు. మూడో ఏటికి మోటెల్ మానేసి మా ఇంట్లోనే దిగారు. ఏటేటా అమ్మమ్మ రొట్టె మూట పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళేది. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా భోజనాలయ్యాక ఇల్లంతా వెతికేవాళ్ళం. జేడీ సోఫా కింద చూసేవారు, వాషింగ్ మెషీన్‌లో చూసేవారు, నా జడలెత్తి చూసేవారు. అమ్మమ్మ దగ్గరుండి "అక్కడ చూడమను, ఇక్కడ చూడమను" అని తిప్పేది. ఆయనకి వచ్చిన ఒకే ఒక్క తెలుగు ముక్క "ఎక్కడ?" ఒక్కోసారి గంట పట్టేది. గరాజ్ తలుపు వైపు మాత్రం ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. ఆ మూట దొరికితే విందు అయిపోతుంది, అందరూ లేవాలి.

తోట పోయింది. కంచె పోయింది. ఆ బియ్యం డబ్బా ఇప్పుడు నా గరాజ్‌లో ఉంది, టేపుతో సహా. ఎదురు కుర్చీ పిల్లని ఆదివారం భోజనానికి రమ్మన్నాను. బిర్యానీ ఉండదని ముందే చెప్పాను. "ఫర్వాలే ఆంటీ, ఆలుగడ్డలే తింట" అంది. వచ్చాక ఈ కథంతా చెప్తాను. ఒక్క ఏడు సంగతి మాత్రం చెప్పలేనేమో.

అమ్మమ్మ పోయిన తర్వాత వచ్చిన పస్కా అది. నేను అప్పటికి కాలేజీలో ఉన్నాను. రొట్టె మూట ఆ ఏడు నేనే దాచాను. జేడీకి వంగడం కష్టమని పైపైనే పెట్టాను. భోజనాలయ్యాయి. ఆయన సోఫా కింద చూడలేదు, ఎక్కడా చూడలేదు. కర్ర పట్టుకుని నేరుగా గరాజ్‌లోకి నడిచారు. పడతారేమోనని నేను వెనకే వెళ్ళాను. టేపు నేను తీశాను. మూత తెరవగానే పైనే కనిపించింది మూట. దాన్ని తీసి పక్కన చెక్కపెట్టె మీద పెట్టారు. తర్వాత చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా బియ్యంలోకి దించి, అలాగే ఉంచేశారు.

లోపల్నుంచి నాన్న అరిచాడు. "దొరికిందా?"

జేడీ వెనక్కి తిరగలేదు.

"లేదని చెప్పు" అన్నారు నాతో. "ఇంకా వెతుకుతున్నానని చెప్పు."